బొమ్మకు అద్దె... బిల్లు అమ్మకు!

పిల్లల బట్టల కొట్టుకెళ్లి "మూడేళ్ల పాపకి సాదా గౌను చూపించండి, మీద ఏ బొమ్మా వద్దు" అని అడిగి చూడండి. సేల్స్ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచనలో పడుతుంది. అరల నిండా ఎల్సా, మిక్కీ, స్పైడర్‌మ్యాన్, ఛోటా భీమ్... సాదా గౌను ఎక్కడో అడుగున దొరికితే దొరికినట్టు. విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా, హైదరాబాద్ సుల్తాన్ బజార్లోనైనా, పండక్కి చిన్న ఊళ్లలో రోడ్డు పక్కన వెలిసే పట్టా దుకాణంలోనైనా ఇదే వరస.

ఒకప్పుడు పిల్లల బట్టలంటే తల్లి చూసేవి మూడే. గుడ్డ గట్టిదేనా? రంగు వెలుస్తుందా? వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందా? ఇప్పుడు నాలుగో ప్రశ్న వచ్చి మొదటి వరసలో కూర్చుంది. మీద ఎవరున్నారు? దీనికి జవాబు చెప్పేది అమ్మ కాదు, నాన్న కాదు. కౌంటరు బల్ల అందని బుడతడు!

"పోనీలే, పిల్లల ముచ్చట" అని సరిపెట్టుకుంటాం. ముచ్చటే, కాదనడం లేదు. కానీ ఆ బొమ్మ గుడ్డ మీదకి ఊరికే ఎక్కలేదు. అద్దె కట్టి ఎక్కింది. ఆ అద్దె ఎంత, ఎవరికి వెళ్తుంది, దానికి బదులుగా మనకు దక్కేదేమిటి... ఉప్పూ పప్పూ దగ్గర రూపాయి రూపాయి లెక్క చూసే మనం ఈ లెక్క కూడా ఓసారి చూడొద్దూ?

అద్దె లెక్క

ఈ వ్యాపారానికి లైసెన్సింగ్ అని పేరు. ఇంటివాళ్లు గది అద్దెకిచ్చినట్టే, బొమ్మ మీద హక్కులున్న సంస్థ దాన్ని బట్టల కంపెనీకి అద్దెకిస్తుంది. ఎన్నేళ్లు వాడుకోవాలి, ఏ వయసు పిల్లల బట్టల మీద వేయాలి, ఏ దేశంలో అమ్మాలి అన్నీ ముందే కాగితం మీద రాసుకుంటారు. టీషర్టులకు ఒకరికి, పైజమాలకు ఇంకొకరికి, సాక్సులకు మరొకరికి... ఒకే మిక్కీని ఒకేసారి పదిమందికి అద్దెకివ్వచ్చు. ఏ ఇంటివాళ్లకుంటుంది ఇంతటి అదృష్టం?

ఈ అద్దెనే రాయల్టీ అంటారు. బట్టల విషయంలో మామూలుగా టోకు ధరలో ఐదు నుంచి పదిహేను శాతం దాకా ఉంటుంది. దీనికి తోడు 'కనీస హామీ' అని ఓ షరతు. సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా బట్టల కంపెనీ ఇంత సొమ్ము కట్టి తీరాల్సిందే. బొమ్మ కళ్లు ఎటు చూడాలి, చెవులు ఎంత పెద్దగా ఉండాలి, ఎరుపంటే ఏ ఎరుపు అన్నది కూడా హక్కుదారే చెబుతాడు. నమూనా పంపించి, 'సరే' అనిపించుకున్నాకే కుట్టుపని మొదలవుతుంది. అసలు సరుకని తెలియడానికి కొన్ని సంస్థలు మెరిసే హోలోగ్రామ్ స్టిక్కరు కూడా అతికించమంటాయి.

ఓ చిన్న లెక్క వేద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే సుమా! సాదా గౌను ఒకటి కంపెనీ 200 రూపాయలకు కొట్టువాడికి ఇచ్చిందనుకోండి. అతను తన అద్దె, కరెంటు, జీతాలు, లాభం కలిపి 400 రూపాయలకు అమ్మాడు. అదే గుడ్డ, అదే కుట్టు, మీద ఓ రాకుమారి బొమ్మ వేసి, కంపెనీ 250కి ఇచ్చింది. రాయల్టీ పది శాతమైతే 25 రూపాయలు బొమ్మ హక్కుదారుకి. మిగతా 25 నమూనాలకు, స్టిక్కరుకు, కనీస హామీ కట్టిన భయానికి, కాస్త లాభానికి. కొట్టువాడు ఎప్పటిలాగే రెట్టింపు చేసి 500కి అమ్మాడు. చూశారా! బొమ్మ అద్దె పాతికే. కానీ అమ్మ పర్సులోంచి అదనంగా వెళ్లింది వంద. చేతులు మారినకొద్దీ అద్దె మీద అద్దె!

ఈ వందలో గుడ్డకు ఒక్క నూలుపోగు కూడా ఎక్కువ పడలేదు. కుట్టు ఒకటి ఎక్కువ వేయలేదు. గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే. కాస్త పెద్ద బ్రాండు అనగానే గుడ్డ కూడా మేలైనదే అయి ఉంటుందని మనం అనుకుంటాం. అవ్వచ్చు, కాకపోవచ్చు. బొమ్మ మాత్రం దానికి హామీ కాదు.

ఈ పాతికలూ వందలూ ప్రపంచమంతా పోగేస్తే ఎంతవుతుందో తెలుసా? లైసెన్స్ గ్లోబల్ అనే వ్యాపార పత్రిక లెక్క ప్రకారం, డిస్నీ పేరుతో, డిస్నీ బొమ్మలతో 2023లో అమ్ముడైన సరుకు విలువ 6,200 కోట్ల డాలర్లు. బట్టలే కాదు, ఆటవస్తువులు, పుస్తకాల సంచులు వగైరా అన్నీ కలిపి. ఇదంతా డిస్నీ జేబులో పడిన సొమ్ము కాదు, కొట్లలో అమ్ముడైన సరుకు ఖరీదు. అయినా అంకె అంకే కదా!

మొదట కుట్టింది ఓ రచయిత్రే!

ఈ వ్యాపారం నిన్నా మొన్నా పుట్టింది కాదు. దీనికి తొలి దారి చూపించినవాళ్లలో ఓ ఆడమనిషి ఉన్నారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ రాసిన పీటర్ రాబిట్ అనే అల్లరి కుందేలు కథ 1902లో పుస్తకంగా అచ్చయింది. మరుసటి ఏడాదే, 1903లో, ఆవిడ తన చేత్తో గుడ్డ కుందేలు కుట్టి, దాన్ని పేటెంట్ ఆఫీసులో రిజిస్టరు చేయించారు. తన కుందేలుని ఇంకెవరో కుట్టి అమ్ముకోకుండా ముందే కాపు కాసుకున్నారన్నమాట.

తర్వాత కథ మిక్కీ మౌస్‌ది. ఈ ఎలుక తెర మీదకొచ్చింది 1928లో. మరుసటి ఏడాది ఒకాయన వచ్చి, పిల్లలు రాసుకునే పలకపుస్తకాల మీద మిక్కీ బొమ్మ వేసుకుంటానని 300 డాలర్లు చేతిలో పెట్టాడట. డబ్బు అవసరంలో ఉన్న వాల్ట్ డిస్నీ సరేనన్నారు. 1932లో కే కేమెన్ అనే వ్యాపారి చేతికి ఈ పని అప్పగించాక దశ తిరిగింది. 1933లో మిక్కీ చేతివాచీ బజారుకొచ్చింది. సినిమా ఆడినన్నాళ్లే డబ్బు వస్తుంది, బొమ్మ మాత్రం ఏళ్ల తరబడి సంపాదించి పెడుతుందని అప్పుడే తెలిసిపోయింది.

1977లో 'స్టార్ వార్స్' తీసిన జార్జ్ లూకాస్ ఆ సంగతి ఇంకా బాగా గ్రహించారు. సినిమా బొమ్మలతో వస్తువులు అమ్ముకునే హక్కులు తన దగ్గరే ఉంచుకున్నారు. అదే ఆయన్ని కోటీశ్వరుణ్ణి చేసింది.

అమ్మలు కుట్టిన గౌన్లు చూసి...

మన పేజీ చదివేవాళ్లకు అన్నింటికన్నా ఆసక్తి కలిగించే ఘట్టం 2000 సంవత్సరం ప్రాంతంలో జరిగింది. ఆండీ మూనీ అనే ఆయన నైకీ కంపెనీలోంచి డిస్నీలో వస్తువుల అమ్మకాల విభాగానికి వచ్చారు. అమెరికాలోని ఫీనిక్స్ పట్నంలో మంచు మీద జరిగే డిస్నీ ప్రదర్శన చూడ్డానికి వెళ్లారు. అక్కడ టిక్కెట్ల కోసం వరసలో నిల్చున్న ఆడపిల్లలు రాకుమార్తెల వేషాల్లో ఉన్నారు. అయితే ఆ గౌన్లేవీ డిస్నీవి కావు. ఇళ్లలో తయారైనవి! ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

ఇంకొకరైతే ముచ్చటపడి ఊరుకునేవాళ్లు. ఆయన అలా ఊరుకోలేదు. అంతవరకూ ఎవరి కథలో వాళ్లు విడివిడిగా బతుకుతున్న సిండ్రెల్లాని, స్నో వైట్‌ని, మిగతా రాకుమార్తెల్ని ఒక్కచోట చేర్చి 'డిస్నీ ప్రిన్సెస్' అని ఓ పేరు పెట్టించారు. 2001లో 30 కోట్ల డాలర్లున్న ఆ అమ్మకాలు 2006 నాటికి 300 కోట్ల డాలర్లకు చేరాయి. 2013లో 'ఫ్రోజెన్' సినిమా వచ్చాక చెప్పనే అక్కర్లేదు. 2014లో ఒక్క ఉత్తర అమెరికాలోనే ఆ సినిమా గౌన్లు 30 లక్షలు అమ్ముడయ్యాయి. ఆ నీలం గౌను సముద్రాలు దాటి మన ఊళ్లలో పుట్టినరోజు పార్టీల దాకా రావడం మనం చూస్తూనే ఉన్నాం.

ఆలోచించి చూడండి. కోరిక పిల్లది. ఆ గౌన్లు మొదట తయారైంది ఇళ్లలో. దాన్ని చూసి సరుకుగా మార్చింది కంపెనీ. ఆ తర్వాత అదే గౌనుని ఆ ఇళ్లకే అమ్మింది! ఇంట్లో కుట్టిన గౌనుకి ఖర్చు గుడ్డది, దారానిది. కొట్లో గౌనుకి వీటితోపాటు అద్దె.

చొక్కా లేని భీముడు... చొక్కాలమ్మే భీముడు

ఇదంతా పరాయిదేశం గొడవ అనుకునేరు! మన హైదరాబాద్‌లోనే ఓ ఘనుడున్నాడు. రాజీవ్ చిలక 2001లో ఇక్కడ స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టించిన ఛోటా భీమ్ 2008లో పోగో ఛానెల్లో మొదలయ్యాడు. ధోలక్‌పూర్, లడ్డూలు, చుట్కీ, రాజు, జగ్గు... ఈ పేర్లు తెలియని పిల్లలు లేరంటే అతిశయోక్తి కాదు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో పాకే పాపాయి భీమ్‌గా వచ్చాడు. 2024లో మనుషులే నటించిన సినిమా కూడా వచ్చింది.

తమాషా ఏమిటంటే, ఈ భీముడు ఒంటిమీద చొక్కా కూడా వేసుకోడు. నారింజరంగు పంచెతోనే ఊరంతా తిరుగుతాడు. అయినా ఎన్ని చొక్కాలు అమ్మిపెట్టాడో! టిఫిన్ డబ్బాలు, నీళ్ల సీసాలు, పుస్తకాల సంచులు సరేసరి. ఆ సంస్థ తన బొమ్మల వస్తువుల కోసం సొంత దుకాణాలు కూడా తెరిచింది.

ఇందులో తప్పుపట్టడానికేం లేదు. కార్టూన్ తీయడం చాలా ఖర్చుతో కూడిన పని. ఒక్క ఎపిసోడు వెనక బొమ్మలు గీసేవాళ్లు, కదిలించేవాళ్లు, గొంతు ఇచ్చేవాళ్లు ఎందరో ఉంటారు. టీవీ ఛానెల్ ఇచ్చే డబ్బొక్కటే నమ్ముకుంటే గిట్టుబాటు కావడం కష్టం. బొమ్మ అద్దె ఆ లోటు పూడుస్తుంది. మనం కట్టే అద్దెలో కొంత మన ఊరి కళాకారుల జీతంగా మారితే సంతోషమే కదా! అద్దె కట్టడమే పాపం అని ఈ వ్యాసం చెప్పడం లేదు. తెలిసి కడుతున్నామా, తెలియక కడుతున్నామా అన్నదే ప్రశ్న.

ఇంకో విషయం. భారతంలో భీముడు అందరివాడు. ఆయన బొమ్మ ఎవరైనా గీసుకోవచ్చు, కుట్టుకోవచ్చు. కానీ ఆ నారింజ పంచె, ఆ ముఖం, ఆ పేరుతో ఉన్న ఛోటా భీమ్ మాత్రం ఒక సంస్థ సొత్తు. చిన్ని కృష్ణుడు, హనుమంతుడు, చిలక, కుందేలు, ఏనుగు - వీళ్లకి ఎవరూ అద్దె అడగరు. మనం గీసుకున్న కుందేలైతే చాలు.

మూడు కళ్ల... కాదు, మూడు చెవుల మిక్కీ!

అసలు బొమ్మ 500 అయితే, పక్క సందులో 150కి దొరుకుతుంది. మిక్కీకి చెవులు కాస్త పక్కకి జరిగి ఉంటాయి. ఎల్సా ముక్కు వంకర. పేరులో ఓ అక్షరం తేడా. 'డూప్లికేట్ అండీ, కానీ గుడ్డ బాగుంటుంది' అని కొట్టువాడే చెబుతాడు. పిల్లకి కావాల్సింది బొమ్మ, మనకి కావాల్సింది తక్కువ ధర. బేరం తెగుతుంది.

చట్టం మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం నకిలీ గుర్తు వేసిన సరుకు తయారుచేసినా, తెలిసి అమ్మినా ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా. కాపీరైటు చట్టంలోనూ ఇలాంటి శిక్షే ఉంది. ఇవి తయారుచేసేవాళ్లకు, అమ్మేవాళ్లకు సంబంధించినవి. పిల్లకి చొక్కా కొన్న తల్లి భయపడాల్సింది లేదు. కానీ ఇంట్లో బట్టలు కుట్టి అమ్ముకునే అక్కచెల్లెళ్లు, బొటిక్ నడిపేవాళ్లు, ఫోన్లో ఫొటోలు పెట్టి ఆర్డర్లు తీసుకునేవాళ్లు మాత్రం ఇది తప్పక తెలుసుకోవాలి. సరదాగా మొదలుపెట్టిన 'మిక్కీ ఫ్రాకులు' నోటీసు దాకా రావచ్చు.

ఆ మధ్య మిక్కీ అందరిదీ అయిపోయాడని వార్తలొచ్చాయి. అది సగం నిజమే. అమెరికాలో 1928 నాటి తొలి మిక్కీ చిత్రం మీద కాపీరైటు 2024 జనవరి 1తో తీరింది. అది ఆ పాత నలుపు తెలుపు మిక్కీకే, ఆ దేశానికే. తర్వాత వచ్చిన రూపాలకు అప్పటికింకా తీరలేదు. పైగా ట్రేడ్‌మార్కు వేరే సంగతి. వాడుతూ, రుసుం కట్టి పొడిగించుకుంటూ పోతే దానికి ఆఖరంటూ లేదు.

అలాగని కోర్టులు ఎప్పుడూ పెద్ద కంపెనీ పక్షానే ఉంటాయనుకోవద్దు. ఎనిడ్ బ్లైటన్ కథల్లో నాడీ అనే గంటల టోపీ కుర్రాడున్నాడు. ఆ బొమ్మ హక్కులున్న కోరియన్ అనే బ్రిటిష్ సంస్థ, ఆ పేరుతో పిల్లల బట్టలు అమ్ముతున్న మన దేశపు ఇషాన్ అపారెల్ మీద ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. ఇక్కడి సంస్థ 1995 నుంచే ఆ పేరు వాడుతోంది. అప్పటికే ఆ పాత్రకు మన దేశంలో పేరుందని విదేశీ సంస్థ రుజువు చేసుకోలేకపోయింది. 2010లో తీర్పు ఇక్కడి సంస్థకే అనుకూలంగా వచ్చింది. అంటే... బొమ్మకి విలువ దాన్ని గీసినంత మాత్రాన రాదు. దాన్ని గుర్తుపట్టే పిల్లలుంటేనే వస్తుంది!

పేచీ ఎవరిది?

బజార్లో పిల్లాడు నేలమీద పడి దొర్లుతుంటే అందరూ చూసేది తల్లి వంకే. 'గారాబం ఎక్కువైంది', 'ఒక్కటేస్తే దారికొస్తాడు' అని చెవినపడేలా అంటారు. కానీ ఆ పేచీ పూర్తిగా పిల్లాడిది కాదు, తల్లి పెంపకానిదీ కాదు.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఒక ప్రకటన తమచేత ఏదో కొనిపించడానికే వచ్చిందన్న తెలివిడి సరిగా ఉండదని అమెరికన్ మనస్తత్వశాస్త్ర సంఘం నియమించిన బృందం 2004లోనే చెప్పింది. నాలుగేళ్ల పిల్లకి ఎల్సా ఓ స్నేహితురాలు. స్నేహితురాలి బొమ్మ తన ఒంటిమీద ఉండాలనుకోవడం ఆ వయసుకి సహజం. వ్యాపారం నడిచేది ఆ ప్రేమ మీదే.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో ప్రకటనలకు మార్గదర్శకాలు తెచ్చింది. కొనమని గానీ, కొనిపెట్టమని అమ్మానాన్నల్ని ఒప్పించమని గానీ పిల్లలకు నేరుగా చెప్పే ప్రకటనలు కూడదు. ఫలానాది కొనకపోతే తోటిపిల్లలు చిన్నచూపు చూస్తారన్న భావం కలిగించకూడదు. మంచి మాటలే. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం ఇంకా ముందుకెళ్లి, 1980 నుంచే 13 ఏళ్లలోపు పిల్లల్ని ఉద్దేశించిన వ్యాపార ప్రకటనల్ని నిషేధించింది.

కానీ చిక్కెక్కడుందంటే... కార్టూన్ ప్రకటన కాదు, కథ. చొక్కా కూడా ప్రకటన కాదు, బట్ట. కథ చూపించి ఇష్టం పుట్టించి, బట్టమీద ఆ ఇష్టాన్ని అమ్మితే ఏ మార్గదర్శకానికీ దొరకదు. ఆ చొక్కా వేసుకుని పిల్లాడు బడికెళితే క్లాసు మొత్తానికి వాడే ప్రకటన! మామూలుగా ప్రకటనలో కనిపించినవాళ్లకు కంపెనీ డబ్బిస్తుంది. ఇక్కడ మాత్రం మనమే డబ్బిచ్చి మన పిల్లాణ్ణి ప్రకటనగా పంపిస్తున్నాం.

అక్క గౌను చెల్లికెందుకు రాదు?

మధ్యతరగతి ఇళ్లలో ఓ మంచి అలవాటు ఉండేది. పిల్లలు ఎదుగుతారని అంచు దగ్గర మడత పెట్టి కుట్టించేవాళ్లం. ఏడాది తర్వాత ఆ మడత విప్పేవాళ్లం. అన్నయ్య నిక్కరు తమ్ముడికి, అక్క చొక్కా తమ్ముడికి, అక్కడా పొట్టయిపోతే పిన్నిగారి అబ్బాయికి... ఒక్క గుడ్డ ముగ్గురు నలుగుర్ని పెంచేది.

బొమ్మ గుడ్డ ఈ వరసని తెంపేసింది. ఎలాగంటారా? అక్కది ఎల్సా టీషర్టు. రంగు నీలమే, గుడ్డ గట్టిదే, కానీ తమ్ముడు ముట్టుకోడు. 'ఆడపిల్లల బొమ్మ' అంటాడు. అన్నయ్యది స్పైడర్‌మ్యాన్. చెల్లి వేసుకుంటానన్నా బామ్మగారు ఒప్పుకోరు! అన్నయ్యది తమ్ముడికి ఇద్దామన్నా, మూడేళ్లు తిరిగేసరికి హీరో మారిపోతాడు. నిన్నటి బొమ్మ 'చిన్నపిల్లలది' అయిపోతుంది. గుడ్డ చిరగక ముందే బొమ్మ పాతబడుతుంది. చిరగని గుడ్డ బీరువా అడుగున పడుంటుంది. అమ్మ మళ్లీ బజారుకెళుతుంది. అసలు ఖర్చు ఆ వంద రూపాయల తేడా కాదు, ఇదీ.

డబ్బు సంగతలా ఉంచితే, ఈ బొమ్మలు పిల్లలకు ఇంకేదో కూడా నేర్పుతున్నాయి. అబ్బాయి బట్టమీద పోరాడేవాడు, ఎగిరేవాడు. అమ్మాయి బట్టమీద అలంకరించుకుని నవ్వుతూ నిల్చునే రాకుమారి. మన చుట్కీ తెలివైన పిల్లే. అయినా భీమ్‌కి సమయానికి లడ్డూలు అందించేదిగానే ఎక్కువ గుర్తుంటుంది. మూడేళ్ల వయసులోనే గులాబీరంగు ఒకరికి, నీలం ఒకరికి అని పంచేయడం మనకి నచ్చుతుందా?

అలాగని బొమ్మలన్నీ ఒకటి కాదు. డిస్నీయే 2012లో 'డాక్ మెక్‌స్టఫిన్స్' అని ఓ కార్టూన్ మొదలుపెట్టింది. అందులో నల్లజాతి చిన్నపాప బొమ్మలకు వైద్యం చేసే డాక్టరమ్మ. వాళ్లమ్మ కూడా డాక్టరే. ఈ పాప వస్తువులు 2013లో సుమారు 50 కోట్ల డాలర్ల మేరకు అమ్ముడయ్యాయి. తెల్లపిల్లలు, మగపిల్లలు కూడా కొన్నారు. అంటే ఆడపిల్ల బొమ్మ అమ్ముడుపోవాలంటే కిరీటమే ఉండనక్కర్లేదు. స్టెతస్కోపున్నా పోతుంది!

కుట్టిన చేతుల సంగతి?

ఇంత లెక్కలో ఇంకా రానివాళ్లు ఒకరున్నారు. కుట్టినవాళ్లు. వాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే.

2012 నవంబరు 24న బంగ్లాదేశ్‌లో తజ్రీన్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 110 మందికి పైగా చనిపోయారు. శిథిలాల్లో డిస్నీ గుర్తున్న బట్టలు కూడా కనిపించాయి. తమ లైసెన్సుదారులెవరికీ కనీసం ఏడాదిగా ఆ ఫ్యాక్టరీలో తయారీకి అనుమతి లేదని డిస్నీ చెప్పింది. 2013 మార్చిలో, బంగ్లాదేశ్‌తో సహా కొన్ని దేశాల్లో తమ బొమ్మల సరుకు తయారీ ఆపేయాలని లైసెన్సుదారుల్ని ఆదేశించింది. ఆ మరుసటి నెలలోనే, ఏప్రిల్ 24న, అక్కడే రానా ప్లాజా భవనం కూలి పదకొండు వందల మందికి పైగా కార్మికులు బలయ్యారు.

బొమ్మ చెవి ఓ అంగుళం పక్కకి జరిగితే పట్టుకునే వ్యవస్థ, ఆ బొమ్మ ఏ మేడమీద ఎవరి చేతుల్లో కుట్టబడుతోందో పట్టుకోలేకపోయింది. పోనీ దేశం వదిలేసి పోవడం పరిష్కారమా అంటే, ఉన్న ఉపాధి పోయేదీ ఆ ఆడవాళ్లకే. అద్దె ముందే కట్టేసిన కంపెనీ ఖర్చు ఎక్కడ తగ్గించుకుంటుంది? గుడ్డ దగ్గరో, కూలి దగ్గరో. ఈ రెండూ మనకి కొట్లో కనిపించవు.

కనిపించేది ఇంకోటుంది. దళసరిగా, రబ్బరులా పైకి తేలే ప్రింటు. చాలావాటిలో అది ఒక రకం ప్లాస్టిక్. దాన్ని మెత్తబరచడానికి థాలేట్లనే రసాయనాలు కలుపుతుంటారు. డిస్నీ బొమ్మల పిల్లల బట్టల్ని పరీక్షింపజేసి, ప్రింట్లలో వీటి ఆనవాళ్లున్నాయని గ్రీన్‌పీస్ సంస్థ 2004లో బయటపెట్టింది. లైసెన్సున్న సరుకు సంగతే ఇదైతే, ఎవరు చేశారో తెలియని నకిలీ సరుకు గురించి వేరే చెప్పాలా? పిల్లలు చొక్కా అంచు నోట్లో పెట్టుకుని చప్పరించే రకాలాయె!

మరేం చేద్దాం?

బొమ్మల బట్టలు పూర్తిగా మానేయమంటే అది జరిగే పని కాదు. అక్కర్లేదు కూడా. పిల్లల సంతోషం నిజమైనదే. దాని ఖరీదు మన చేతుల్లో ఉంచుకోవడమే తెలివి.

ముందుగా, బొమ్మనీ బట్టనీ విడదీసి చూడండి. బొమ్మని చేత్తో మూసి గుడ్డ, కుట్లు, జిప్పు, మెడ సాగుతుందా లేదా చూడండి. బొమ్మ లేకుండా ఉంటే దీనికి ఎంతిస్తాను అని అడగండి. పైన ఇచ్చేదంతా అద్దె. అది ఇష్టమైతే ఇవ్వండి.

రోజూ వేసుకునే బట్టలు సాదావి కొని, బొమ్మ సరదా చిన్నవాటితో తీర్చండి. సాక్సులు, చేతిరుమాలు, టోపీ లాంటివైతే ఖర్చూ తక్కువ, పాతబడినా బాధ లేదు. ఏడాదికి ఒకటో రెండో బొమ్మ బట్టలు, అవి పుట్టినరోజుకో పండక్కో అని ముందే చెబితే నాలుగేళ్ల పిల్లలు కూడా అర్థం చేసుకుంటారు. కొట్లో కాదు, ఇంట్లోనే ఆ మాట చెప్పాలి.

ప్రింటు వేలితో రుద్ది చూడండి. ప్లాస్టిక్ వాసన ఘాటుగా వస్తే పక్కన పెట్టండి. కొత్తబట్ట ఉతక్కుండా వేయొద్దు. నెలల పసివాళ్లకు దళసరి ప్రింటు అసలే వద్దు. ఉతికేటప్పుడు, ఇస్త్రీ చేసేటప్పుడు తిరగేస్తే ప్రింటు పెచ్చులూడదు. అసలు సరుకు ధర ఇస్తున్నప్పుడు తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర ఉన్న చీటీ ఉందో లేదో చూసి బిల్లు అడిగి తీసుకోండి. ఎక్కువ ధర పెట్టి నకిలీ కొనడమంత నష్టం ఇంకోటి లేదు.

కుట్టుమిషను ఉన్నవాళ్లకైతే ఇంకో మార్గం. పిల్లనే కూర్చోబెట్టి ఓ కాగితం మీద తనకిష్టమైన పిల్లినో చిలకనో గీయమనండి. కాళ్లు ఆరైనా సరే, తోక తలకంటే పెద్దదైనా సరే! ఆ గీతలే గౌను మీద కాడకుట్టుతో కుట్టేయండి. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేని బొమ్మ అది. దాని మీద హక్కులన్నీ మీ అమ్మాయివే.

బొమ్మ ఎవరిదైనా కావచ్చు. బిల్లు కట్టేది మాత్రం మనం. కట్టేవాళ్లకి అడిగే హక్కుంటుంది. గుడ్డ ఎంత, కూలి ఎంత, అద్దె ఎంత అని నలుగురు తల్లులు నాలుగు కొట్లలో అడగడం మొదలుపెడితే, ఆ ప్రశ్న మెల్లిగా అయినా బొమ్మ యజమాని దాకా వెళ్తుంది.